బఠాణీ మేడమ్ ఎదురుచూపు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి బఠాణీ మేడమ్ అంటారు. ఎదురుగా కాదు; అయినా ఆవిడకు తెలుసు, కోపమూ లేదు. ఆవిడ చూసే గెలాక్సీలు నిజంగానే బఠాణీ గింజల్లా ఉంటాయి. చిన్నవి, గుండ్రటివి, ఫోటోల్లో ఆకుపచ్చనివి. మన పాలపుంత పక్కన అవెంత? కానీ ఆ ఇరుకులోనే కొత్త నక్షత్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పుడుతుంటాయి.

వాటిలో ఒకదాని మీద ఆవిడ మనసు పడింది. చదువుకునే రోజుల్లో, అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు దాని వైపు ఒకసారి చూసింది. అక్కణ్ణుంచి ఎక్స్‌రేలు వచ్చాయి. ధారగా కాదు; వాన మొదలవబోతూ అరచేతిలో పడే తుంపరలా, ఆగి ఆగి, ఒక్కో రేణువు. అవన్నీ కలిసి తెరమీద చిన్న మచ్చ అయ్యాయి. అది కొత్త నక్షత్రాల గుంపంతా కలిసి వెలిగించిన వెలుగని ఆవిడ నమ్మింది, అలాగే రాసింది. ఆ మచ్చలో ఆవిడకు సాయంత్రం దీపాలు పెట్టుకున్న ఊరొకటి కనిపించేది. ఇంకొక్కసారి చూడాలి, అంతే. ఏటా అర్జీ పెట్టేది. ఏటా టెలిస్కోపు సమయం ఇంకెవరికో దక్కేది.

ఆవిడ అక్కదీ ఎక్స్‌రేల ఉద్యోగమే, పక్క వీధి ఆసుపత్రిలో. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని చెల్లెలే అక్కడికి వెళ్తుంది. లోపల ఎవరో పలకకు ఛాతీ ఆనించి నిలబడి ఉంటారు. అద్దం వెనకనుంచి అక్క ఊపిరి బిగబట్టమంటుంది. బయట బల్లమీద కూర్చున్న చెల్లెలు తనకు తెలియకుండానే బిగబడుతుంది, వదలండి అన్నాకే వదులుతుంది.

నీ బఠాణీ ఉడికిందా అని అక్క రోజూ అడుగుతుంది. తన పేషెంట్లు గంటలో ఫిల్ము పట్టుకుని ఇంటికి పోతారని, చెల్లెలి పేషెంటు మాత్రం బయల్దేరి వందల కోట్ల ఏళ్ళయినా ఇంకా దారిలోనే ఉన్నాడని ఏడిపిస్తుంది.

ఈ ఏడు సమయం దొరికింది. డేటా వచ్చిన ఉదయం ఆవిడ వెంటనే తెరవలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంది. కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. తెరిచింది.

మచ్చ లేదు. ఖాళీ ఆకాశంలో ఎక్కడైనా రాలే రేణువులే అక్కడా రాలాయి. టెలిస్కోపు సరైన చోటికే చూసిందా, పరికరం బాగుందా అని వెతికింది. అన్నీ బాగున్నాయి.

అన్నం డబ్బా మూత తీయకుండానే అక్కతో చెప్పింది.

"కరెంటు పోయిందేమోనే," అంది అక్క.

"అక్కడ ఎవరి దీపం వాళ్ళదే, ఊరంతా ఒక్కసారే ఆరిపోదక్కా. అది ఊరు కాదు. ఒక్కటే దీపం."

ఒకే ఒక కృష్ణబిలం, దగ్గరికొచ్చినదాన్ని మింగుతూ కొన్నాళ్ళు వెలిగింది. మేత అయిపోయి చీకటైంది. ఆ నక్షత్రాల ఊరు ఉండే ఉంటుంది, దాని ఎక్స్‌రేలకు మాత్రం ఇంత దూరం నుంచి కనిపించే బలం లేదు. ఇన్నేళ్ళూ తను చూసింది దాన్ని కాదు. ఆ మాట ఇప్పుడు తనే రాయాలి.

అక్క నవ్వలేదు. సీసపు ఏప్రాను విప్పి కొక్కేనికి తగిలించి పక్కన కూర్చుంది.

"మచ్చ మారిందంటే నీ పేషెంటు కదిలాడన్నమాట. కదిలాడంటే బతికే ఉన్నాడుగా," అంది. "కదిలి ఫిల్ము చెదిరితే మేం మళ్ళీ నిలబెట్టి తీస్తాం."

"మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో ఎవరికి తెలుసు?"

"అయితే అడగడం మానేస్తావా?"

చెల్లెలు డబ్బా మూత తీసింది. తను తప్పుగా చదివానని ఒప్పుకునే కాగితం చివర, మూడో చూపు కోసం ఏమని అడగాలో అప్పటికే మనసులో వాక్యం కట్టుకుంటోంది.

ఇంతలో తలుపు దగ్గర దగ్గుతూ ఎవరో వచ్చారు. అక్క లేచి లోపలికి వెళ్ళింది.

"ఊపిరి బిగబట్టండి."

బల్లమీద ఆవిడా బిగబట్టింది. లోపల మీట నొక్కిన చప్పుడైంది. వదలండి అంది అక్క. దగ్గు మళ్ళీ మొదలైంది, తలుపు తెరుచుకుంది. ఆవిడ ఇంకా వదల్లేదు.