నేను కొట్టివేసిన ఆరు బెంచీలు

2023లో తొలకరి కోసం అందరూ ఆకాశం చూస్తున్న రోజులు. గుంతకల్లులో మా ట్రస్టు ఆఫీసు అంటే ఒక మిద్దె మీది రెండు గదులు. నేను అక్కడ ఫీల్డ్ ఆఫీసర్ని. పేరు పెద్దదే గానీ పని ఇంతే. ఊళ్ల నుంచి సాయం కోరుతూ వచ్చిన దరఖాస్తులు తీసుకుని, ఆ ఊరికి పోయి, అడిగింది నిజంగా కావాలా వద్దా చూసి కమిటీకి రాసిపెట్టాలి. దీన్ని ఫీల్డ్ వెరిఫికేషన్ అంటాము. మేము గ్రాంట్లు, అంటే తిరిగి కట్టనక్కరలేని సాయం, ముగ్గురికి ఇస్తాము: మాజీ సైనికులకు, వృద్ధులకు, యువతకు. దరఖాస్తులో మూడు గళ్లుంటాయి. ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి.

నాకీ ఉద్యోగం చదువును చూసి ఇవ్వలేదు. మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. మా కమిటీ పెద్దాయన ఒకసారి మా అంగట్లో ఇడ్లీ పాత్ర కొనబోయి, నాతో అరగంట బేరమాడి ఓడిపోయినాడు. నెల తిరక్కుండా పిలిచి ఉద్యోగమిచ్చినాడు. "నాకు చేసిందే మా దగ్గరికి వచ్చేవాళ్లకూ చెయ్యి" అన్నాడు. నేను అది ప్రశంస అనుకున్నాను.

అంగట్లో నేర్చుకున్నది ఒకటుంది. ఎవరి జాబితాలోనైనా తీసేయించుకోవడానికే పెట్టిన వస్తువు ఒకటి ఉంటుంది. దాని మీద చెయ్యి వేస్తే ఎదుటి మనిషి కిక్కురుమనడు. అసలు కావలసినదాని మీద వేస్తే గొంతు లేస్తుంది. ఈ ఒక్క లెక్కతో ఐదేళ్లు ఫీల్డ్ ఆఫీసరుగా నెట్టుకొచ్చినాను.

అప్పుడు విడపనకల్లు మండలంలోని ఒక ఊరి నుంచి ఓబులేసు వచ్చినాడు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయిన మనిషి. తన కోసం ఏమీ అడగలేదు. ఊరి బయట బంజరులో తెల్లవారుజామున మగపిల్లలకు పోలీసు, మిలటరీ సెలెక్షన్ల కోసం పరుగు నేర్పుతున్నాడు. ఇప్పుడు తొమ్మిది మంది అమ్మాయిలు కూడా వస్తామంటున్నారట. యువత గడిలో టిక్కు పెట్టి, జాబితా జత చేసినాడు. ట్రాకు గీయడానికి సున్నం, లాంగ్ జంపు గుంతకు ఇసుక, షాట్‌పుట్ గుండ్లు, స్టాప్‌వాచీ, నీళ్ల డ్రమ్ము. అన్నిటికన్నా కింద, సిమెంటు బెంచీలు ఆరు.

ఆ ఆఖరి వరుస చూడగానే నా ముక్కుకు వాసన తగిలింది.

"బెంచీలు దేనికన్నా? పరుగెత్తేవాళ్లు కూచోరు కదా."

"పెద్దోళ్లు కూచుంటారు మేడం."

"పెద్దోళ్లకు ఇంటికాడ అరుగులు లేవా? ఇది యువత పద్దు. వృద్ధుల సామాను ఇందులోకి రాదు. కొట్టేస్తాండా."

ఆయన ఒక్క క్షణం కాగితం వైపు చూసినాడు. "సరే మేడం" అన్నాడు.

గొంతు లేవలేదు. అడగలేదు, బతిమాలలేదు. నా లెక్క మళ్లీ నిజమైందని మురిసిపోయి, ఎర్ర పెన్నుతో గీత కొట్టినాను. ఊరికి పోయి బంజరు కొలిచి, తక్కినవన్నీ కావలసినవేనని రాసినాను. శాంక్షన్ లెటర్, అంటే సాయం మంజూరైనట్టు ఇచ్చే ఉత్తరం, వారం లోపలే ఆయన చేతిలో పెట్టినాను.

రెండు నెలలకు మానిటరింగ్ విజిట్‌కు పోయినాను. ఇచ్చిన సాయం ఎట్లా వాడుతున్నారో చూసే తనిఖీ అది. తెల్లవారుతుండగా స్కూటీ బంజరు పక్కన ఆపినాను. సున్నపు గీతలు తీరుగా ఉన్నాయి. మగపిల్లలు పద్నాలుగు మంది పరుగెత్తుతున్నారు. ఆడపిల్ల ఒక్కతి లేదు.

దొరికినాడు దొంగ అనుకున్నాను.

"తొమ్మిది మంది అమ్మాయిలని రాసినావే, యాడన్నా?"

"పది దినాలు వచ్చినారు మేడం. తర్వాత మానుకున్నారు."

"ఎందుకు?"

"బెంచీలు లేవు కదా మేడం."

ఎగతాళి చేస్తున్నాడేమో అని మొహం చూసినాను. ఆ మొహంలో అట్లాంటిదేమీ లేదు. "మీరే వచ్చి అడగండి" అని ఊళ్లోకి తీసుకుపోయినాడు.

వచ్చి మానుకున్న అమ్మాయిల్లో ఒకరి అవ్వ సుంకమ్మ. ఆమె ఇంటి ముందు నిలబడేసరికి మిద్దె మీద దబదబమని చప్పుడు. తల మీద మట్టి రాలింది. "దిగే, శిరీషా! ఎవరో వచ్చినారు" అని ముసలామె పైకి అరిచింది. పైన ఆమె మనవరాలు పరుగెత్తుతోంది. ఎస్సై రాతపరీక్షలో మొదటి మెట్టు దాటింది. ఇంకా ఇరవై దినాల్లో పదహారు వందల మీటర్ల పరుగు. నెలన్నరగా ఆ పిల్ల ఆ చిన్న మిద్దె మీదే, నాలుగు మూలలూ తిరుగుతూ పరుగెత్తుతోంది.

"బంజరుకు ఎందుకు పంపడం లేదవ్వా?" అన్నాను.

"చీకటి పూట, అంతమంది మగపిల్లోళ్ల నడుమ ఆడబిడ్డను ఒక్కదాన్నే పంపుతారా మీ ఇంట్లో? నేనో, ఆ పక్కింటి ముసిల్దో ఆడ ఉండల్ల. ఉంటే ఎవురూ నోరెత్తరు. అది మాట. పది దినాలు పోయి నేల మీద కూచుంటిమి. కూచునేది సులువే పాపా, లేచేదే కష్టం. ఒగదినం లేవబోయి పడితిని. నడుము పట్టుకునింది. మా కొడుకు అన్నాడు, ఆ పరుగూ వద్దు, ఈ పడేదీ వద్దు అని. తక్కిన ఇండ్లల్లో కూడా అదే అనుకున్నారు."

నేనూ ఆడదాన్నే. ఇంటర్ చదివేటప్పుడు ట్యూషన్ బయట మా అమ్మ మెట్ల మీద కూచుని పూలు కట్టుకుంటూ ఉండేది. ఆమె కూచోబట్టే నేను చదివినాను. అయినా ఆఫీసులో ఆ బెంచీల మీద ఎవరు కూచుంటారో నాకు తట్టలేదు.

బయటికి వచ్చి ఓబులేసు మీద ఎగిరినాను. "ఇంత సంగతి ఉంటే ఆ రోజు చెప్పొద్దా? తగ్గిస్తే అరవల్ల గదన్నా! కొట్లాడల్ల గదా!"

"మీరు కొట్టేస్తాండా అన్నారు మేడం. పైనుంచి మాట వచ్చినాక ఎదురు చెప్పేది మాకు అలవాటు లేదు."

"అది పైమాట కాదన్నా, బేరం."

"నేను అంగడోణ్ని కాదు మేడం."

ఇరవైయేళ్లు ఉత్తరువు అందుకున్న మనిషి మౌనాన్ని నేను ఇడ్లీ పాత్ర కొనేవాడి మౌనంతో కొలిచినాను.

కమిటీ మళ్లీ కూచునేది నెల తర్వాత. అప్పటిదాకా ఆగితే పిల్ల పరుగు అయిపోతుంది. గుంతకల్లులో మా చిన్నాయనకు షామియానా అంగడి ఉంది. సిమెంటు బెంచీలు లేకపోతే ఆయన దగ్గర కుర్చీలైనా తెస్తానని సుంకమ్మతో అన్నాను. ఆమె ఉన్నపళాన బేరం మొదలుపెట్టింది.

"బెంచీ నాకు ముందునుంచీ వద్దు. దానికి చేతులుండవు. చేతులున్న కుర్చీ తే, పట్టుకుని లేస్తా."

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. ఆయనా ఆ ముసలివాళ్లను అడగకుండానే బెంచీలు రాసినట్టున్నాడు. నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది, అబద్ధమెందుకు.

చిన్నాయన ఆరు కుర్చీల బాడుగ చెప్పినాడు. సరే అన్నాను. ఆయన కంగారుపడి, "ఏమ్మే, ఒళ్లు బాగుండాదా? తగ్గించమని అడగనే లేదే!" అన్నాడు. సాయంత్రం మా నాయనకు ఫోను చేసి కూడా చెప్పినాడట.

మరుసటి తెల్లవారి నుంచే నలుగురు అవ్వలు బంజరు గట్టున, తలకు కొంగు చుట్టుకుని, కుర్చీల్లో కూచున్నారు. వారం తిరిగేసరికి తొమ్మిది మంది అమ్మాయిలూ వచ్చినారు. "మోకాళ్లు ఎత్తే! నీకన్నా మా బర్రె నయం!" అని సుంకమ్మ అరుస్తుంటే ఓబులేసు విజిలు ఎవరికీ వినపడేది కాదు. తర్వాతి మీటింగులో నేను కమిటీ ముందు నిలబడి, నా గీత తప్పని చెప్పి, కుర్చీలు సొంతంగా కొనిపించినాను. అవి ఏ పద్దు కింద రాయాలని పెద్దాయన అడిగితే, ముగ్గురి కిందా రాసుకోండి అన్నాను.

శిరీష మాత్రం ఆ పరుగులో నెగ్గలేదు.

వారం తర్వాత పోతే బంజరులోనే ఉంది. ఏమయిందని అడిగినాను.

"ఆఖరి రౌండులో కాళ్లు రాలేదక్కా. ఇరవై దినాలు సాల్లేదు. మిద్దె మీద మలుపులే తిరిగినాను కదా, నేరుగా పరుగెత్తేది మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చె." నవ్వుతూనే చెప్పింది. నా మీద తప్పు పెట్టలేదు. పెట్టి ఉంటే సమాధానం చెప్పుకునేదాన్ని.

"ఇంకో నోటిఫికేషన్ వస్తాది మేడం, వయసు ఉండాది" అని ఓబులేసు అన్నాడు. రావచ్చు. ఆ పిల్ల మిద్దె మీద తిరిగిన నెలన్నరను మాత్రం ఏ కమిటీ మంజూరు చేయలేదు.

ఇప్పటికీ నేను బేరమాడతాను. ఆ బుద్ధి పోయేది కాదు. ఊళ్లవాళ్లు నన్ను చూసి జాబితాలు పెంచి రాస్తారు, నేను తగ్గిస్తాను, అరుస్తారు, నవ్వుకుంటాము. అరిచేవాళ్లతో నాకు భయం లేదు. ఎవరైనా వెంటనే "సరే మేడం" అంటే మాత్రం పెన్ను మూసి, టీ తెప్పించి, ఎదురుగా కూచోబెట్టి ఒక మాట అడుగుతాను.

"ఇది లేకపోతే ఎవరు రాకుండా పోతారు?"