లాగ్‌బుక్కులో కుంకుమ

జిడ్డు లేని లాగ్‌బుక్కును నేను నమ్మను. ఈ మాట ఇప్పుడంటే పిల్లలు నవ్వుతారు. లారీ ఎప్పుడు కదిలింది, ఎక్కడ ఆగింది, డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడు అన్నదంతా ఈ రోజుల్లో మిషనే రాసుకుంటుందట. మా రోజుల్లో ఆ మిషన్ నేనే.

ఎనభైల మొదట్లో కరీంనగర్‌లో ఒక లారీల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇంటర్ పాసయ్యాను, చేతిరాత బాగుంటుంది, నోరు అంతకంటే బాగుంటుంది. ఓనరుకు తొమ్మిది లారీలుండేవి. ఊళ్లో వ్యవసాయం తమ్ముడికి అప్పగించి పట్నం వచ్చిన పటేలు ఆయన. గొంతు పెద్దది, మనసు మెత్తన, కానీ నలుగురి ముందు ఒక మాటన్నాడంటే చచ్చినా వెనక్కి తీసుకునేవాడు కాదు.

నేను చేరడానికి ముందు ఏడు ఒక డ్రైవర్ కునికిపాటు పడి లారీని వరిపొలంలోకి దింపాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ బియ్యం బస్తాలన్నీ బురదలో పొర్లాయి. ఆ దెబ్బతో ఓనరు ప్రతి లారీలో ఒక పుస్తకం పెట్టించాడు. ఎప్పుడు బయలుదేరారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు నిద్రపోయారు అన్నీ అందులో రాయాలి. ఆరు గంటలు నడిపాక నిద్రపోవాల్సిందే. స్టీరింగు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. డ్రైవర్లందరినీ నిలబెట్టి చెప్పాడట.

"ఒక్క బండికి ఒక్కడే డ్రైవరు. ఎవని బండికి వాడే జిమ్మేదారు. పుస్తకంల అబద్ధం రాసినోడు దొరికిండంటే గా పొద్దే కొలువు పోయినట్టు. నా తమ్ముడైనా అంతే."

ఆ అబద్ధాలు పట్టడం నా పని. శనివారం తొమ్మిది పుస్తకాలూ నా బల్ల మీదికి వచ్చేవి. దాచడమెందుకు, ఆ పనంటే నాకు మహా సరదా. నిజం రాసేవాడు స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని, టైరు తట్టి చూసిన చేత్తోనే రాస్తాడు. పేజీకి జిడ్డంటుతుంది. అబద్ధం రాసేవాడు శనివారం పొద్దున ఇంట్లో చాప మీద కూర్చుని, చేతులు కడుక్కుని, వారమంతా ఒకే పెన్నుతో రాసుకొస్తాడు. ఆ పేజీలు పెళ్లిచూపులకు తయారైన పిల్లలా ఉండేవి.

ఒకాయన సోమవారం పొద్దున అంగడి ఊరిని పది నిమిషాల్లో దాటినట్టు రాశాడు. అంగడి రోజు ఆ రోడ్డు మీద మేకలు, ఎడ్లు, ఎండుమిర్చి కుప్పలు తప్ప తారు కనిపించదు. "అన్నా, లారీని నెత్తిన వెట్టుకోని దాటినవా?" అని అడిగాను. అక్కడున్న డ్రైవర్లంతా పడీపడీ నవ్వారు. ఇలాంటివాటిని తిట్టి వదిలేసేదాన్ని. నిద్రపోకుండానే పోయినట్టు రాస్తే మాత్రం ఎర్ర పెన్సిల్ తీసేదాన్ని. ఎర్ర గీత పడిన పుస్తకం ఓనరు బల్ల మీదికి పోతుంది. రెండేళ్లలో రెండు గీతలు గీశాను. ఇద్దరు మనుషుల కొలువులు పోయాయి. నాది చెలగాటం, వాళ్లది ప్రాణసంకటం అన్న ఆలోచన అప్పటికింకా నాకు రాలేదు.

మా డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన మా చర్చి మనిషే. ఆరడుగుల పొడుగు. ఆదివారం పాటల్లో ఆయన గొంతు కలిస్తే బెంచీలు సన్నగా అదిరేవి. ఆయనిల్లు మా ఇంటి పక్కనే. నేను కాకా అని పిలిచేదాన్ని. ఆ కొలువు నాకు ఓనరుతో మాట్లాడి ఇప్పించిందే ఆయన. కాక బండి కరీంనగర్ నుంచి బియ్యంతో ఆసిఫాబాద్ పోయేది, అక్కడ రాత్రి ఆగి, మర్నాడు పత్తి బేళ్లతో తిరిగొచ్చేది. ఆయన పుస్తకంలో జిడ్డుకు జిడ్డు ఉండేది, లెక్కకు లెక్క కుదిరేది. నేను పెద్దగా చూడకుండానే సంతకం పెట్టేదాన్ని.

ఒక శనివారం ఆ పుస్తకం తిప్పుతుంటే నా వేలికి ఎర్రగా అంటింది. చూద్దును కదా, పేజీ పైన కుంకుమ బొట్టు. ఒకటి విడిచి ఒక పేజీలో, ఆసిఫాబాద్ నుంచి బయలుదేరిన రోజు మీద మాత్రమే ఉంది. కాక ఆసిఫాబాద్ పోయి దొంగతనంగా పూజలు చేస్తున్నాడనుకున్నాను. ఇంటికి పోయి మా అవ్వను మెల్లగా కదిపాను.

"అవ్వా, కాక మన చర్చి ఇడిసిపెడ్తుండా?"

"నీకేమన్న పిచ్చా? మొన్న ఐతారం కప్పెగిరిపోయేటట్టు పాడిండు గద. మంది పుస్తకాలల్ల ముక్కు వెట్టీ వెట్టీ నీ బుర్ర ఖరాబైంది" అంది.

బుర్ర ఖరాబైతే అయింది, ముక్కు మాత్రం ఊరుకోలేదు. ఆసిఫాబాద్ నుంచి ఎదురొచ్చే బండి ఇంకొకటి ఉంది. దాని డ్రైవర్ ఆసిఫాబాద్ మనిషే. అతనికి చదువు రాదు కాబట్టి ఆ పుస్తకం కూడా కాకే రాసిపెడతాడని ఆఫీసులో అందరికీ తెలుసు. బియ్యం మిల్లు, పత్తి గోదాము ఊరి బయట ఉండేవి, అతను అక్కడే సరుకు దింపి ఎక్కించుకుని పోతాడు గనక మా ఆఫీసు గడప తొక్కే పని ఉండేది కాదు. మరుసటి శనివారం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాను. ఆ పుస్తకంలోనూ కుంకుమ ఉంది. కానీ ఆసిఫాబాద్‌లో తెల్లారిన రోజునే ఉంది. కరీంనగర్‌లో తెల్లారిన రోజున లేదు. రోజూ బండికి బొట్టు పెట్టే మనిషి కరీంనగర్ వస్తే దేవుణ్ని మరిచిపోతాడా?

ఇంకా చూశాను. రోజూ పదకొండింటికి, రెండు బండ్లూ, గోదావరి దాటాక ఉన్న ఒకే చాయ్ హోటల్ దగ్గర, అరగంట ఆగుతున్నాయి. ఎనిమిది నెలలుగా ఒక్క రోజు తప్పలేదు. అప్పుడు తెలిసింది. సగం దారిలో వీళ్లు బండ్లు మార్చుకుంటున్నారు. కాక ఆ బండెక్కి కరీంనగర్ తిరిగొస్తాడు, అతను ఈ బండెక్కి ఆసిఫాబాద్ పోతాడు. మర్నాడు మళ్లీ అక్కడే కలిసి ఎవరి బండి వాళ్లు తీసుకుంటారు. పుస్తకంలో మాత్రం ఒక బండికి ఒకే డ్రైవర్. రెండూ నిలువెత్తు అబద్ధాల పుస్తకాలు.

పట్టినందుకు ఒక క్షణం ఎగిరి గంతేయాలనిపించింది. తర్వాత ఎర్ర పెన్సిల్ వైపు చూస్తే చేయి రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటుంటే కాకను అడిగాను. ఆయన ఒక చెప్పులో కాలు పెట్టి ఆగిపోయాడు.

"నువ్వు అడిగితే అబద్ధం జెప్ప బిడ్డా. రేపు పొద్దుగాల నా బండెక్కు. కండ్లతోని సూడు. ఎర్ర పెన్సిల్ సంగతి గప్పుడు సూద్దాం."

రోడ్డు మీద పుస్తకాలు తనిఖీ చేసొస్తానని ఓనరుకు చెప్పి సోమవారం లారీ ఎక్కాను. అంతెత్తు నుంచి లోకాన్ని చూడడం అదే మొదలు. కాక దారి పొడుగునా పాడుతూనే ఉన్నాడు. గోదావరి మీదికి వచ్చేసరికి, నేను తనిఖీకి వచ్చిన సంగతి మరిచిపోయి నేనూ అందుకున్నాను.

హోటల్ దగ్గర ఎదుటి బండి అప్పటికే వచ్చి ఉంది. అందులోంచి ఒక పొట్టి మనిషి దిగాడు, చంకలో మడతపెట్టిన బొంత ఉంది. కాక సీట్లో కూర్చుంటే అతని కాళ్లు అందవు, అందుకని వీపు వెనక పెట్టుకునే బొంత అది. నన్ను చూసి ఆగాడు.

"ఈమె ఎవ్వలు?"

"మన పుస్తకాలు సూసే బిడ్డ" అన్నాడు కాక.

ఆ మనిషి బొంతను వెనక్కి దాచుకున్నాడు, అదొక్కటి దాస్తే సరిపోతుందన్నట్టు. నాకు నవ్వూ వచ్చింది, పాపమూ అనిపించింది. "చాయ్ చెప్పు అన్నా, ముందు కూసోని మాట్లాడుకుందాం" అన్నాను.

పెళ్లయిన పద్నాలుగేళ్లకు ఆయనకు బిడ్డ పుట్టింది. "రెండు దినాలకోపారి ఇంటికి పోతే నన్ను జూసి కొత్తోడు అనుకోని ఏడ్సేదమ్మా" అన్నాడు. "గది కాకకు చెప్పుకున్న. ఇద్దరం రోజు ఇంటికి పోవచ్చు, బండ్లు మార్చుకుందాం అన్నడు. ఇప్పుడు హారన్ ఇనవడంగనే బుడిబుడి అడుగులేసుకుంట దర్వాజ కాడికొస్తది." ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు భయం కూడా మరిచిపోయాడు.

తర్వాత టిఫిన్ డబ్బాలు చేతులు మారాయి. అటు నుంచి జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. ఇటు నుంచి అన్నం, చేపల పులుసు. ఆ ఇద్దరి భార్యలూ ఒకరినొకరు ఒక్కసారి కూడా చూసుకోలేదు గానీ, ఎవరి పులుసులో ఉప్పు తక్కువో ఇద్దరికీ తెలుసు. నేను రెండూ తిన్నాను. తనిఖీ అంటే అన్నీ చూడాలి కదా.

తిరిగొచ్చేటప్పుడు కుంకుమ సంగతి అడిగాను.

"పొద్దుగాల దేవుని పటం ముంగట బండి తాళంచెవి, పుస్తకం వెట్టి బొట్టు వెడ్తడు. నేను సూసిన. తుడిసెయ్య మనసొప్పలే. వాని దేవుని కాడ నా పుస్తకం గూడ వెట్టిండు గద" అన్నాడు కాక. గేరు మార్చి, "కొలువు ఇప్పిచ్చిన అని మొఖమాట పడకు. గీత గీయాలంటే గీయి. కని నా పేరు మీదనే గీయి. వాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. ఇంత మంచి పనిని దొంగపని చేసిన ఆ రూలు మీద.

తనిఖీ పేరుతో నా దగ్గరే ఉంచుకున్న రెండు పుస్తకాలూ పట్టుకుని మర్నాడు ఓనరు ముందుకు పోయాను. ఆయన చూస్తుండగానే రెండింటి మీదా ఎర్ర గీత గీశాను. గీయకపోతే నేనూ అబద్ధం రాసినదాన్నే అవుతాను. సంగతంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఎనిమిది నెలల సంది నా కండ్లు గప్పిండ్రా?"

"సార్, గీ పుస్తకాలు ఎందుకు వెట్టిచ్చిండ్రు?"

"డ్రైవర్లు నిద్రపోవాలెనని."

"నిజం రాసినోళ్లంత లారీలల్ల దోమలతోని కొట్లాడుకుంట పంటుండ్రు. సక్కగ ఇంట్ల నిద్రపోయింది గీ ఇద్దరే. తొమ్మిది బండ్లల్ల యాడ గుద్దుకోక రేకుకు గీత పడనియి గీ రెండు బండ్లే. బయటికొచ్చి సూడుండ్రి."

ఆయన బయటికి రాలేదు. కిటికీలోంచే చూసి, "అందరి ముంగట మాట అన్న బిడ్డా" అన్నాడు. ఆ రోజే ఇద్దరినీ తీసేశాడు. ఆసిఫాబాద్‌కు ఫోన్ చేసి చెప్పించాడు. కాక తాళంచెవి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి తలూపి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి మీదున్న అన్నం మాడిపోయేదాకా నేను దించలేదు. మా అవ్వ నన్ను తిట్టలేదు, అదింకా కష్టంగా ఉంది.

తెల్లారి ఓనరు జీపు మా గల్లీలో ఆగింది. ఆయన దిగి, వాకిట్లో పళ్లు తోముకుంటున్న కాక ముందు నిలబడ్డాడు. మేము గోడ పక్కన చెవులు పెట్టాం.

"నిన్న ఇద్దరు డ్రైవర్లను తీసేసిన. ఇయ్యాల ఇద్దరు కొత్తోళ్లు కావాలె. గోదారి కాడ బండ్లు మార్చుకోని, రోజు ఇంటికి పొయ్యేటోళ్లు. నీకెవ్వలన్న ఎరుకనా?"

కాక నోట్లో వేపపుల్లతోనే ఆలోచించాడు. "ఉన్నరు పటేలా. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి."

మా అవ్వ గోడకు ఇవతల నోరు మూసుకుని నవ్వింది. నేను ఏడ్చాను.

ఆ వారమే పుస్తకంలో కొత్త గడులు గీశాను. బండి ఇచ్చినవారి సంతకం ఒక గడి, తీసుకున్నవారి సంతకం ఒక గడి. ఆసిఫాబాద్ అన్నకు సంతకం రాదు కాబట్టి వేలిముద్ర చాలన్నాను. శనివారం కాక పుస్తకం వచ్చింది. ఎప్పటిలాగే తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగాను. తీసుకున్నవారి గడిలో వేలిముద్ర లేదు. గడి దాటి, కింది గీతలు కూడా దాటి, కుంకుమలో అద్దిన చిన్న అరచెయ్యి ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి.

పుస్తకం ఓనరుకు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"ఈమెకు లైసెన్సు ఉన్నదా?"

"లేదు సార్."

"మరి ఇది దొంగ సంతకం గాదా? ఎర్ర పెన్సిల్ ఏదీ?"

నేను పేజీని వెలుతురుకు ఎత్తిపట్టాను. స్నానానికి ముందు బిడ్డకు నూనె రాసి ఉంటారు. ఆ అరచేతి చుట్టూ కాగితం జిడ్డుగా మెరుస్తోంది. జిడ్డున్న పుస్తకాన్ని నేను నమ్ముతాను అని చెప్పి, పక్కన నా సంతకం పెట్టాను.