కార్తీకంలో వెచ్చని సముద్రం

చందానగర్‌లో బుచ్చమ్మ ఇంట్లో కిరాయికుండే రాజరాజేశ్వరికి కోపం ముక్కు మీదే ఉండేది. పక్క వాటాలో ఉండే నాకు ఆ కోపం రుచి బాగా తెలుసు. డెబ్భై ఏడు నవంబరులో మాత్రం మొదటిసారి ఆవిడ ముఖంలో భయం చూశాను.

ఆవిడ తల్లి పుణ్యవతమ్మది దివిసీమ. కార్తీకమాసమంతా సముద్రస్నానం చేస్తానని మొక్కుకుని, చిన్ననాటి స్నేహితురాలు నాగేశ్వరితో కలిసి తీరాన ఒక సత్రంలో దిగింది. అటునుంచి వచ్చిన బంధువొకాయన ఆవిడ మాటగా చెప్పాడు: "ఈ ఏడు వణుకే లేదంటమ్మా. తెల్లారుజామున కూడా నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయంట. పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు."

అందరం నవ్వాం. రాజేశ్వరి భర్త రామబ్రహ్మం నవ్వలేదు. ఆయనది బేగంపేటలో వాతావరణ ఆఫీసు ఉద్యోగం.

"సముద్రంలో ఆ వేడే తుపానుకు మేత," అన్నాడు. "మొన్నొకటి తమిళనాడు మీదికి పోయింది. వెనకాలే ఇంకోటి పుట్టింది. మీ తీరం చూస్తే పళ్ళెంలా చదును. గాలి నెట్టిందంటే నీళ్ళు ఊళ్ళ మీదికే."

"ఎండ గింత మంచిగ కాస్తుంటే ఫికరెందుకు బిడ్డా? సముద్రం ఊర్లకు నడిచొస్తదా ఏంది?" అంది బుచ్చమ్మ. ఆ ఎండ చూస్తే నాకూ అలాగే అనిపించింది.

రాజేశ్వరి ఆ సాయంత్రమే రైలెక్కింది. తీరానికి చేరి ఎంత బతిమాలినా, నెల పూర్తయ్యేదాకా కదలనంది తల్లి. "నీకన్నీ కంగార్లే" అని నాగేశ్వరి వేళాకోళమాడింది. రాజేశ్వరికి ఒళ్ళు మండి, తల్లిని పక్కకు పిలిచి, "నువ్వు కంగారుపడతావని ఇందాక చెప్పలేదు. మీ అల్లుడు గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉన్నారు" అని అబద్ధమాడింది.

పుణ్యవతమ్మ తడిచీరతోనే బయలుదేరింది. తీరా వచ్చి, గుమ్మంలో నిక్షేపంలా నిలబడ్డ అల్లుణ్ణి చూసి కూతురితో మాట మానేసింది. మొక్కు చెడగొట్టిందని అన్నం కూడా ముట్టలేదు.

శనివారం మాకిక్కడ మబ్బు పట్టి గాలి విసిరింది, అంతే. అక్కడ ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చేసింది. రామబ్రహ్మం వెళ్ళి చూసి వచ్చాడు. సత్రం లేదు. నాగేశ్వరి ఆచూకీ లేదు.

రాజేశ్వరి వెళ్ళి తల్లి ఒళ్ళో పడి, "నువ్వైనా దక్కావమ్మా" అని భోరుమంది. పుణ్యవతమ్మ అప్పుడు నోరు విప్పింది.

"దానికీ ఏదో ఒక అబద్ధం చెప్పకపోయావటే?"