శాంత బిడ్డకు నీళ్లు పోసిన రోజు

మా కనక రోజూ పొద్దున గని సైరన్ కూతతో పోటీ పడేది. బెల్లంపల్లిలో మేముండే లైను క్వార్టర్ల దాకా ఆ కూత గట్టిగా వినిపిస్తుంది. అది మొదలవగానే మూడేళ్ల పిల్ల వాకిట్లోకి పరుగెత్తి, నడుము మీద చేతులు పెట్టుకుని, మెడ నరాలు తేలేలా "కూ..." అని అరిచేది. గని కూత ఆగినా ఇది ఆగేది కాదు. "సత్తెమ్మా, నీ బిడ్డ కూత ఎయ్యకుంటె మా ఇంట్ల చాయ పొయ్యి మీదికి ఎక్కది" అని పక్కింటి ఖాజాబీ ఆటపట్టించేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది చలికాలంలో ఒక రోజు కూత మోగింది. కనక వాకిట్లోకి పోయి నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. బొంగురుగా కాస్త గాలి మాత్రం వచ్చింది. పిల్ల నా వైపు తిరిగి, నేనే ఏదో చేసినట్టు కోపంగా చూసింది. ఆ చూపుకు నాకు నవ్వొచ్చింది.

"చలికి పట్టింది తీ. జర పసుపు సున్నం పెడ్త, రేపటికల్ల మళ్ల అరుస్తది" అని మా అత్త గొంతుకు పట్టు వేసింది. ఆమె చేతివైద్యాన్ని లైనంతా నమ్మేది, నేనూ నమ్మాను. మర్నాటికి మెడ రెండు పక్కలా వాచింది. జొన్న గట్క పలచగా చేసి పోస్తే మింగలేక వదిలేసింది. ఊపిరి తీస్తే గురగురమని చప్పుడు. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో మా ఆయన పని. కబురు పంపితే డ్యూటీ మధ్యలోనే వచ్చి, పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు బయలుదేరాడు. నేను వెనక పరుగెత్తాను.

డాక్టరు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినాయన. మా మాట ఆయనకు, ఆయన మాట మాకు సగం సగమే తెలిసేది. చెంచా కాడతో నాలుక అదిమి, టార్చిలైటు వేసి చూశాడు. ఆయన ముఖం మారడం నాకు తెలిసిపోయింది. "మెంబ్రేన్ వచ్చిందమ్మా. డిఫ్తీరియా" అన్నాడు. నన్నూ వంగి చూడమన్నాడు. లోపల బూడిదరంగు పొర, పాతబడిన మీగడలాగా.

"స్వాబ్ తీసి పంపిస్తాను. కానీ రిజల్టు వచ్చేదాకా ఆగను. విరుగుడు సీరం ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు. దూది చుట్టిన పుల్లతో గొంతు తుడుస్తుంటే కనక ఆయన వేలు కొరికింది. "మంచిదే, ఇంకా బలం ఉంది" అన్నాడాయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పూటంతా నిలబడ్డాను.

మమ్మల్ని విడిగా ఒక గదిలో పెట్టారు. దాన్ని ఐసొలేషన్ అనేవారు. నేను తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. మా ఆయన కిటికీ అవతల నిలబడి, దీపాల గదిలో జరిగిన ముచ్చట్లు బిడ్డకు చెప్పేవాడు. సీరం పనిచేసింది. పొర కొద్దికొద్దిగా విడిపోయింది. వాపు దిగింది. ఒక పొద్దున గని కూత వినిపించగానే కనక పడుకున్నచోటే, మెల్లగా, గుసగుసగా "కూ" అంది. నేను ఏడ్చాను. సిస్టరమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "గొంతు బాగయింది. ఈ జబ్బు హార్ట్ మీద కూడా దెబ్బ తీస్తుంది. కొన్నాళ్లు లేపొద్దు, కూర్చోబెట్టొద్దు" అని చెప్పాడు. అలాగే చేశాను. ముద్ద కూడా పడుకోబెట్టే తినిపించాను. అయినా ఒక మధ్యాహ్నం పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. ఒళ్లంతా చల్లని చెమట. సిస్టరమ్మ చెయ్యి పట్టి చూసి బయటికి పరుగెత్తింది. డాక్టరు వచ్చి ఇంజక్షన్ ఇచ్చాడు, ఇంకోటి ఇచ్చాడు. కిటికీ అవతల మా ఆయన "బిడ్డా, కనకా, బాపును చూడు" అంటున్నాడు. బిడ్డ చూడలేదు.

"హార్ట్ ఫెయిలైందమ్మా. మీరు చేయాల్సిందంతా చేశారు. మీదే తప్పని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపించండి" అన్నాడు డాక్టరు. ఎవరూ అనలేదు. పైకి అనలేదు.

అంటు జబ్బు కాబట్టి కనక పడుకున్న బొంత, గౌన్లు, గుడ్డ బొమ్మ అన్నీ కాల్చేయమన్నారు. ఇల్లంతా మందు కొట్టారు. బిడ్డ వాసన పట్టిన గుడ్డపేలిక ఒక్కటి కూడా నాకు మిగల్లేదు. ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తడం మానేశారు. నేను బాధపడతానని వాళ్లు, వాళ్లు బాధపడతారని నేను. అంత అల్లరి చేసిన పిల్ల ఆ ఇంట్లో పుట్టనే లేదన్నట్టు అయింది.

ఇక నా జబ్బు సంగతి. దవాఖానలో ఉన్నప్పుడు సిస్టరమ్మ నేర్పినట్టు బిడ్డను ముట్టుకున్నప్పుడల్లా వేడినీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కునేదాన్ని. బిడ్డ పోయినా ఆ కడుగుడు పోలేదు. అన్నం వండేముందు, వండాక, తలుపు ముట్టుకుంటే, మా ఆయన చొక్కా ముట్టుకుంటే. మా ఇంట్లో బొగ్గుకు కరువు లేదు, నీళ్లు ఎప్పుడూ మసులుతూనే ఉండేవి. చేతులు పగిలి నెత్తురు కారేవి. నా చేతుల్లో ఆ జబ్బు ఇంకా ఉందని నాకు గట్టి నమ్మకం. ఎవరి పిల్లలైనా వాకిట్లోకి వస్తే తలుపు వేసుకునేదాన్ని.

మా ఆయనే నన్ను మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చేతులు చూసి, ఇది చర్మవ్యాధి కాదన్నాడు. నా గొంతులోనూ స్వాబ్ తీశాడు. కొన్నాళ్లకు మళ్లీ తీశాడు. రెండూ నెగెటివ్. "మీరు క్యారియర్ కాదు. మీ వల్ల ఎవరికీ రాదు" అన్నాడు. చేతులకు ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆయింట్‌మెంట్ రాసుకున్నాను, ఆ జిడ్డు పోయేదాకా మళ్లీ కడిగాను. కాగితం మీద నెగెటివ్ అని రాస్తే మనసు ఒప్పుకోవద్దూ!

ఇలా ఉండగా శాంత సంగతి వచ్చింది. శాంత మా ఆయన చెల్లెలు. కాగజ్‌నగర్‌లో ఉండేది, భర్తకు మిల్లులో పని. కనక పోయేనాటికి కడుపుతో ఉంది కాబట్టి చావింటికి రానియ్యలేదు. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. ఆ తల్లిగారిల్లు మాదే, ఆ రెండు గదుల క్వార్టరే. మా అత్తకు దిక్కుతోచలేదు. కరీంనగర్‌లో ఉన్న తన అక్క ఇంటికి శాంతను పంపాలని మా ఆయనతో గుసగుసలు పోయింది. గోడవతల ఉన్న నాకు అన్నీ వినిపించాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి తోచింది. నన్ను చూసే కదా, ఆ పిల్లను పుట్టింటికి రానియ్యనిది!

శాంత ఎవరి మాటా వినే రకం కాదు. నెలలు నిండుతుండగా భర్తను వెంటబెట్టుకుని రైలు దిగి నేరుగా వచ్చేసింది. "నా తల్లిగారిల్లు ఇది. ఎవలింటికో పోయి కాన్పు చేసుకోనీకి నాకేం ఖర్మ?" అని ట్రంకుపెట్టె గదిలో పెట్టింది. నాకు ఒళ్లు మండింది. నా ఏడుపు నన్ను ఏడవనివ్వకుండా ఇంత పొట్ట వేసుకుని ఎందుకొచ్చిందని లోపల తిట్టుకున్నాను. అన్నం పెట్టేటప్పుడు దాని ముఖం చూసేదాన్ని, పొట్ట వైపు చూసేదాన్ని కాదు.

కాన్పు దవాఖానలోనే అయింది. ఆడపిల్ల. ఆ మాట వినగానే బియ్యం చేట చేతిలోంచి జారింది. మగపిల్లవాడు పుట్టాలని ఎంత కోరుకున్నానో నాకప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చిన రోజున శాంత గడపలోనే ఆగి, "వదినె, ఎత్తుకుంటవా?" అంది. "నా చేతులు బాగలెవ్వు" అని వంటింట్లోకి పోయాను. మా అత్త గభాల్న పసిదాన్ని అందుకుని లోపలికి తీసుకుపోయింది.

అప్పటినుంచి ఇంకో సంగతి గమనించాను. శాంతకు వేడినీళ్లో, పాలో ఇవ్వడానికి నేను ఆ గదిలోకి పోయి వచ్చిన ప్రతిసారీ, కాసేపటికి పెరట్లో బొగ్గుల మీద ఉప్పు చిటపటలాడేది. ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్మేది. మా అత్త పసిదానికి దిష్టి తీస్తోంది. ఎవరి దిష్టో వేరే చెప్పాలా? ఆ పొగకు నాకు దగ్గు వచ్చేది. దగ్గు రాగానే భయం వేసేది, మళ్లీ చేతులు కడిగేదాన్ని.

పసిదానికి రోజూ ఖాజాబీ వచ్చి నీళ్లు పోసేది. మా అత్త మోకాళ్లు వంగవు, కాళ్లు చాపి పీట మీద కూర్చోలేదు. లోగడ లైనులో పిల్లలు పుడితే ఆ పనికి నన్నే పిలిచేవారు. నా కాళ్ల మీద పడుకుంటే ఏ పిల్లా ఏడవదని పేరు. ఇప్పుడు ఖాజాబీ నీళ్లు పోస్తుంటే పసిది ఏడుస్తోంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని నాకు గోడవతల నుంచి ఏడుపును బట్టే తెలుస్తోంది. చెప్పలేక పళ్లు కొరుక్కునేదాన్ని.

ఒకరోజు ఖాజాబీ, తన కూతురికి బాగాలేదని మంచిర్యాల పోయింది. మా అత్త ఎవరినైనా పిలుచుకొస్తానని బయటికి వెళ్లింది. శాంత పసిదాన్ని పట్టుకుని వంటింట్లోకే వచ్చింది. బాలింత పొయ్యి దగ్గరికి రాకూడదు.

"వదినె, నువ్వే నీళ్లు పొయ్యాలె."

"నేను పొయ్య. నా చేతులు చూసినవా?"

"చూసిన. డాక్టరు ఏమన్నడో అన్న చెప్పిండు."

"డాక్టరుకేం ఎరుక? శాంతా, నాకు భయమైతుంది."

"నాకు గుడ భయమైతుంది" అంది శాంత. నేను తలెత్తి చూశాను. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అబద్ధమెందుకు చెప్పాలె? నిన్న రాతిరి దీనికి ముక్కు బిగుసుకపోతె కనకకు అయినట్టే అయితుందేమో అనుకున్న. ఇద్దరం భయపడుకుంటనే పోద్దాం. కనక నీ కాళ్ల మీద కప్పలెక్క బోర్ల పండి కిలకిల నవ్వేది గద. గది యాదికున్నది నాకు."

బిడ్డ పోయాక ఆ ఇంట్లో కనక పేరు వినడం అదే మొదలు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బోరుమని ఏడ్చాను. శాంత ఆపమనలేదు. నా ఏడుపు తగ్గాక, "నీళ్లు సల్లారిపోతున్నయి" అంది.

పీట వేసుకుని కాళ్లు చాపాను. శాంత బిడ్డను నా కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. ఆ బరువు, ఆ వెచ్చదనం మోకాళ్ల కింద తగిలాయి. మోచేత్తో నీళ్లు చూశాను. చల్లనీళ్లు ఇంకో చెంబు కలిపాను. నూనె రాస్తుంటే పగుళ్లు మండాయి. ముక్కులోకి నీళ్లు పోకుండా నుదుటి కింద అరచెయ్యి పెట్టాను. ఎవరూ చెప్పకుండానే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పసిది ఒక్కసారి కాళ్లు తన్నింది. ఏడవలేదు. కనక కాదు అది. ఒంటి రంగు వేరు, వీపు వేరు. కనక కాదని చెంబు చెంబుకూ తెలుస్తూనే ఉంది. అయినా చేతులు ఆగలేదు.

తలెత్తేసరికి మా అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏమంటుందోనని పసిదాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆమె లోపలికి పోయి పిడికెడు ఉప్పు, మిరపకాయలు తెచ్చింది. వచ్చి, పసిదాని చుట్టూ తిప్పుతుందనుకుంటే, నా తల మీదుగా మొదలుపెట్టి నన్నూ పసిదాన్నీ కలిపి చుట్టూ తిప్పింది.

"నిన్ను తప్పు పట్టలే బిడ్డా, నాకు భయమైంది" అంది. "ఇంటోళ్ల కండ్లు, బయటోళ్ల కండ్లు మీ ఇద్దరి మీదికెల్లి పోవాలె." పొయ్యిలో వేస్తే ఘాటుకు ముగ్గురం దగ్గాం.

ఆ రోజుతో జబ్బు నయమైపోయిందని చెప్పను. చేతుల కడుగుడు తగ్గడానికి ఏడాది దాటింది. శాంత వెళ్లిపోయాక మళ్లీ పెరిగింది కూడా. అప్పుడు డాక్టరు, "నీళ్లు మసలనివ్వకండి, చన్నీళ్లతోనే కడగండి" అన్నాడు. వేడినీళ్లు మానితే ఆ పిచ్చి కొద్దిగా సడలింది. ఆయింట్‌మెంట్ చేతుల మీద నిలిచింది, పగుళ్లు మానాయి. తర్వాత నాకు కొడుకు పుట్టాడు. వాడికి డిఫ్తీరియా రాకుండా ఇంజక్షన్లన్నీ వేయించాను, వేసినప్పుడల్లా వాడికంటే ముందు నేనే ఏడ్చాను.

శాంత కూతురు వసంతకు ఇప్పుడు చదువంటే ప్రాణం. సెలవులకు కాగజ్‌నగర్ నుంచి మా ఇంటికి వస్తుంది. మూడేళ్లప్పుడు అదీ వాకిట్లో నిలబడి గని కూతతో పాటు అరిచింది. నేను పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చి, మళ్లీ వచ్చాను. ఇప్పుడు అది పక్కన చేరి "అత్తమ్మా, కనకక్క ఎట్ల అరిచేది?" అని అడుగుతుంది. నడుము మీద చేతులు పెట్టి చూపిస్తాను. మా అత్త కూడా పక్కనుంచి, "గట్ల కాదు, ఇంకా గట్టిగ" అని సరిదిద్దుతుంది. ఏడుపు వచ్చిన రోజు ఏడుస్తాం.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉన్న ఇంట్లోకి ఇంకో పసిబిడ్డ వస్తే, ఆమె తరఫున మీరే నిర్ణయించేయకండి. దాచకండి, పక్కకు తప్పించకండి. పోయిన బిడ్డ పేరు చెప్పి, ఎదురుగా నిలబడి, ఎత్తుకుంటావా అని అడగండి. వద్దంటే ఆ పూటకు ఊరుకోండి. మళ్లీ అడగండి. శాంత గడపలో అడిగినప్పుడు నేను వద్దన్నాను. అది రెండోసారి వంటింట్లోకి వచ్చి అడగకపోతే, నా చేతులు ఇప్పటికీ ఆ మసిలే నీళ్లలోనే ఉండేవి.