సెప్టెంబరు ముప్ఫై ఒకటి

డెబ్భైల చివర నేను విశాఖ రేవు దగ్గర ఒక కార్యాలయంలో కంప్యూటరు విభాగంలో పనిచేసేదాన్ని. హాలంత యంత్రం, ఏసీ దానికోసం, దాని పుణ్యాన మాకూ చల్లగా ఉండేది. నా నోటికి జడిసి మగవాళ్లు కూడా తమ తప్పులు నాకు చూపించేవారు కాదు. అది నాకు తెలుసు. లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఉద్యోగుల వివరాలన్నీ చిల్లుల కార్డుల మీద ఉండేవి. వాటిలోని తేదీలు చదవడానికి ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. జీతాలకీ సెలవులకీ రిటైర్మెంటుకీ అందరం దాన్నే వాడుకునేవాళ్లం. ఒకరోజు వయసుల జాబితా చూస్తుంటే పక్కపక్క నంబర్లున్న ఇద్దరు రేవు కళాసీలకి ఒకే పుట్టినతేదీ కనిపించింది. కాస్త కిందికి పోతే ఇంకో జంట. కార్డులు తీయించాను. మొదటి జంటలో రెండోవాడి కార్డు మీద సెప్టెంబరు ముప్ఫై ఒకటి అని ఉంది. అతను పుట్టిన జాలరిపేటలో పుట్టినరోజులు ఎవరు రాసిపెట్టారు? పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టానని అతను చెబితే, ఉద్యోగంలో చేర్చుకున్న గుమాస్తా తోచిన అంకె వేసేశాడు. అలాంటి తేదీ తగిలితే మా ప్రోగ్రాం ఆగేది కాదు, తప్పని చెప్పేదీ కాదు. ముందు కార్డులో చదివిన తేదీనే ఇతనికీ అంటగట్టి సాగిపోయేది. ఆ ముందు కార్డు ఇతనికంటే బాగా చిన్నవాడిది.

మధ్యాహ్నానికల్లా దిద్దేశాను. ఇకమీదట చెల్లని తేదీ వస్తే పాతది చెరిపేసి, ఆ నంబరును వేరే కాగితం మీద అచ్చేస్తుంది. పదకొండు నంబర్లు పడ్డాయి. ఆఫీసరు అందరి ముందూ నన్ను మెచ్చుకుని, ఆ పదకొండు మందినీ వయసు తేల్చమని డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు ఆ సెప్టెంబరు ముప్ఫై ఒకటి కళాసీ పళ్లు చూసి అరవై దాటాయని రాశాడు. నెలాఖరుకి ఇంటికి పొమ్మన్నారు.

మర్నాడు అతను తలగుడ్డ చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ మిసను మీరే దిద్దినారట. మా ఆడదానికి కడుపులో గెడ్డ. వచ్చే నెల్లో మన ఆస్పత్రిలో ఆపరేసనన్నారు. నాను మానేత్తే ఆస్పత్రి కార్డు లాగేసుకుంటారు. రెండు నెల్లు ఎప్పట్లాగే ఉంచీయండమ్మా."

ఉంచవచ్చు. ఒక్క కార్డు మార్చి కొట్టించి, ఆఫీసరు దగ్గర ఒక మాట అంటే సరిపోయేది.

"సెప్టెంబరుకి ముప్ఫై రోజులే. లేని రోజున ఎలా పుట్టావయ్యా?" అన్నాను.

హాలంతా నవ్వింది. వాళ్లు నవ్వుతున్నందుకు నేనూ నవ్వాను. అంత నీచంగా నేను మళ్లీ ఎప్పుడూ నవ్వలేదనుకుంటాను. అతను కూడా, మర్యాద కోసం కాబోలు, కొంచెం నవ్వి వెళ్లిపోయాడు.

నెలాఖరున ఆస్పత్రి కార్డు తీసుకున్నారు. ఆపరేషను కాకుండానే ఆమెను ఇంటికి తీసుకుపోయాడని తోటి కళాసీలు చెప్పుకుంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక మళ్లీ కనిపించాడు. పీ.ఎఫ్. కాగితాల్లో భార్య పేరు కొట్టించి కొడుకు పేరు వేయించాలట. ఎవరి చేతనో నింపించిన కాగితం నా బల్ల మీద పెట్టాడు. భార్య పోయిన తేదీ అన్నచోట వేలు ఆనించి, నావైపు చూడకుండా అన్నాడు.

"ఈ రోజు ఉందమ్మా. కేలండర్లో సూసుకునే రాయించినాను."