వీపు చూసే మనిషి

మ్యూజియంలో చిత్రాలు గోడకు తగిలించే పెద్దాయనను తోటివాళ్లు 'వీపు మావయ్య' అనేవారు. ఏ చిత్రం చేతికొచ్చినా ఆయన ముందు దాని వెనకవైపు చూసేవాడు. మేకులు వదులయ్యాయా, చట్రం వంకరపోయిందా అని పరీక్షించాకే తాడు కట్టేవాడు. ముప్పయ్యొక్క ఏళ్లలో ఆయన తగిలించిన చిత్రం ఒక్కటీ కిందపడలేదు. "నన్నూ వీపు చూసే చేసుకున్నట్టున్నారు. మొహం చూసి ఒక్క మంచి మాటన్న పాపాన పోలేదు" అని భార్య దెప్పేది.

కొత్త ప్రదర్శన రెండు రోజుల్లో ఉందనగా ఆ అలవాటే ఆయనను చిక్కులో పెట్టింది. పెద్ద హాల్లో పేరుమోసిన చిత్రకారుడి బొమ్మ ఒకటి ఉంది: చెయ్యి చాచి నిలబడిన స్త్రీ. ఆ చేతికి వేళ్లుండవు. అరచెయ్యి దాటగానే చిత్రం అయిపోతుంది. మెట్ల కింద మూలలో మరొకటి: బల్లమీద పళ్లబుట్ట, గీసినవారు తెలియదు. రెంటినీ దింపి దుమ్ము దులుపుతుంటే, రెంటి వెనకా చిరుగుకు వేసిన ఎర్రదారపు కుట్టు కనిపించింది. దేనిమీదా సగానికి మించి లేదు. అంచు దగ్గర తెగిపోయింది.

"మేడమ్, ఇవి రెండూ ఒకటే బొమ్మ. ఎవరో కోసేశారు" అన్నాడు ప్రదర్శన ఏర్పాట్లు చూసే క్యూరేటరుతో.

"ఎర్రదారం లోకంలో ఒక్క ఇంట్లోనే ఉంటుందా బాబాయ్? కేటలాగు అచ్చయిపోయింది."

ఆవిడను తప్పుపట్టలేం. పోలిక సాక్ష్యం కాదు.

"పక్కపక్కన పెట్టి చూడండమ్మా. కలవకపోతే ఇక తాళ్లు కట్టుకుంటూ పడుంటాను. బొమ్మల గురించి నోరెత్తను."

"గోరంత కుట్టుకు కొండంత పందెమా మావయ్యా!" అన్నాడు పక్కనే చట్రాలు బిగిస్తున్న వడ్రంగి.

చట్రాలు ఊడదీసి, బల్లమీద మెత్తటి గుడ్డ పరిచారు. క్యూరేటరు స్త్రీ చిత్రాన్ని ఎడమన, పళ్లబుట్టను కుడిన బోర్లా పడుకోబెట్టి దగ్గరకు జరిపింది. కుట్లు కలవలేదు. ఒక్కొక్కటి ఒక్కో కొసన మిగిలిపోయింది.

వడ్రంగి ఫక్కున నవ్వాడు. ముప్పయ్యొక్క ఏళ్ల పేరు ఒక్క క్షణంలో నీళ్లపాలైనట్టే పెద్దాయనకు అనిపించింది. మరుక్షణం తలెత్తాడు.

"అమ్మా, మీరు మొహం వైపు నుంచి పేర్చారు. వీపు వైపుకొస్తే కుడి ఎడమవుతుంది. వాటిని అటూ ఇటూ మార్చండి."

మార్చారు. ఎర్రదారం పోగుకు పోగు అతికినట్టు కలిసింది. గుడ్డ నేతలోని లావుపోగు కూడా ఒకదానిలోంచి మరొకదానిలోకి సాగింది.

అలాగే ఎత్తి ముందువైపు తిప్పారు. బుట్ట పక్కన 'రాలిన ద్రాక్షపళ్లు' అని అందరూ అనుకున్న గోధుమరంగు మచ్చలు ఆ స్త్రీ వేళ్లు. ఆమె పండు అందుకుంటోంది!

క్యూరేటరు కేటలాగు తెరిచింది. "వేళ్లు గీయకపోవడం చిత్రకారుడి సాహసమట. ఈ నాలుగు పంక్తులూ నేనే రాశాను బాబాయ్" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే ఓటమిని ఒప్పుకున్న నిజాయితీ ఉంది. కేటలాగులో దిద్దుబాటు కాగితం పెట్టించింది.

ప్రదర్శన రోజున జతకూడిన చిత్రాన్ని పెద్ద హాలు నడిగోడకు ఆయనే తగిలించాడు. దాని కింద అతికించిన చీటీలో చిత్రకారుడి పేరు కింద, 'ఈ రెండు ముక్కలూ ఒక్కటేనని కనిపెట్టినవారు' అని ఆయన పూర్తి పేరు అచ్చయి ఉంది. భార్య దాన్ని రెండుసార్లు పైకి చదివింది. పక్కనున్నవాళ్లకు వినపడాలని మూడోసారి ఇంకా గట్టిగా చదివింది.