టవర్ నుంచి నేను చూసింది

ఒక చిన్న మాట పదిహేనేళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఆదివారాలు చర్చిలో అందరితో కలిసి తల వంచుకుని పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా దీన్ని పక్కకు నెట్టాను. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న విమానాల మైదానంలో, టవర్‌లో కూర్చుని వచ్చే పోయే విమానాలకు దారి చెప్పడం నా పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మాది అత్వెల్లి. పక్కన లాల్‌గడి మలక్‌పేట ఊరి యాదగిరి, నేను ఒకే బడిలో చదివి, కలిసే వైర్‌లెస్ నేర్చుకున్నాం. వాడు ప్రయాణికుల విమానంలో ఆపరేటర్ అయ్యాడు. నేను కింద ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నం ఆకాశంలో మబ్బు తునక లేదు. మద్రాసు విమానం దిగడానికి వస్తుండగా యాదగిరి గొంతు వినిపించింది. నియమం ప్రకారం ఇంగ్లీషులోనే మాట్లాడాలి. వాడు తెలుగులోకి వచ్చేశాడు.

"అరేయ్, మా ముంగట ఏందో ఉన్నది. చెర్వు మీద. గుండ్రంగ, వెండి లెక్క మెరుస్తాంది. ఇంకేదన్న విమానం వస్తాందా?"

"ఏం లేదురా. మీదొక్కటే."

"మరి గిదేంది? జర జూడు, జల్దీ!"

దుర్బీను ఎత్తాను. చూశాను. శామీర్‌పేట చెరువు మీద, గాలిలో, వెండి గుండులాంటిది కదలకుండా నిలబడి ఉంది. రెక్కలు లేవు, తోక లేదు. దాన్ని తప్పించుకోవడానికి విమానం ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. ఆ ఊపుకు లోపల ఒకామె చెయ్యి విరిగిందని తర్వాత తెలిసింది. చెరువుకు దూరంగా తిరిగి రమ్మని చెప్పాను. నాకూ కనిపించిందని మాత్రం చెప్పలేదు. విమానం క్షేమంగానే దిగింది.

నాలుగో రోజు విచారణ జరిగింది. టవర్ నుంచి నీకేమైనా కనిపించిందా అని అధికారి అడిగాడు.

లేదు అన్నాను.

ఎందుకు? పిచ్చివాడంటారని, ఉద్యోగం పోతుందని భయం. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కానీ ఆ గది బయట బెంచీ మీద యూనిఫాంలో కూర్చున్న యాదగిరిని చూసినప్పుడు, రోజూ నా తల మీదుగా ఎగిరిపోయే వీడు ఒక్కసారి నేల మీదికి దిగితే బాగుండునని నాలో ఎక్కడో అనిపించలేదా? అనిపించింది. ఇది ఇవాళే మొదటిసారి రాస్తున్నాను.

టవర్‌కే కనబడలేదంటే తానూ పొరబడ్డానేమోనని పైలట్ మాట మార్చుకున్నాడు. యాదగిరి మార్చుకోలేదు. లేనిది ఉందని పైలట్‌ను కంగారుపెట్టి విమానాన్ని ప్రమాదంలోకి నెట్టాడని రాసి, వాణ్ని పనిలోంచి తీసేశారు. నా ఉద్యోగం ఖాయమైంది.

పోయిన సోమవారం మేడ్చల్‌లో వాడి రేడియో రిపేరు దుకాణానికి వెళ్లాను. నేనూ చూశాను, విచారణలో అబద్ధం చెప్పాను అని సంతకం పెట్టిన కాగితం ముందుంచాను. ఒక ప్రతి పై అధికారులకు అప్పటికే పోస్టు చేశాను. వాడు రెండుసార్లు చదివాడు. కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఏ ముఖంతో అడగను?

"అది ఎటు వోయింది?" అన్నాడు చివరికి. "మేము ఒరిగినప్పుడు రెక్క అడ్డమొచ్చె. నాకు గానరాలే. గప్పటి సంది గదే సోంచాయిస్తున్న."

ఆ జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. దాన్ని కూడా వాడికి అందకుండా చేశానని నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు.

చెప్పాను. ముందు నెమ్మదిగా తూర్పుకు జరిగిందని, తర్వాత నిటారుగా పైకి లేచి ఆకాశంలో కలిసిపోయిందని. వాడు దుకాణం మెట్లు దిగి వచ్చి, ఎండలో నిలబడి, నా వేలు చూపిన వైపు తల ఎత్తాడు.

"ఇంకోపారి జెప్పు" అన్నాడు.

మొదటి నుంచీ చెప్పాను.